రెండు వేళ్ల ఎత్తు

ఆ వేసవిలో వినోదాల పార్కు చూడ్డానికి అయిదు రోజులకని వెళ్లి పదకొండు రోజులు ఉండిపోయాం. అందులో పార్కు లోపల తిరిగింది రెండు రోజులే. మిగతాదంతా పార్కు బయటే గడిచింది. లోపల చూసిన వింతలేవీ ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేవు. బయట జరిగింది మాత్రం నిన్నో మొన్నో జరిగినట్టే ఉంది. 

మా ఆయన బూట్లు కుడతాడు. అందరూ వేసుకునే బూట్లు కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లను ఎముకల డాక్టర్లు చీటీ రాసి ఆయన దగ్గరికి పంపుతారు. ఆయన కొలత తీసుకుని, తక్కువైన ఎత్తునంతా బూటు లోపలే దాచేసి కుడతాడు. పక్కన నిలబడి చూసినా ఎత్తు దాచింది ఏ బూటులోనో చెప్పలేరు. పైభాగం తోలు మిషను మీద కుట్టేది నేను, అడుగుపని ఆయనది. మాటల మనిషి కాదు. ఒకటి అడిగితే అర ముక్క చెబుతాడు. ఆ అర ముక్కలో అబద్ధం ఉండగా నేనెరగను. పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన మాటనూ ఆయన చేతినీ నమ్మినంతగా నేను దేవుణ్ణి కూడా నమ్మలేదు. నాకున్న ఆస్తి అదొక్కటే అనుకునేదాన్ని.

మాకు అంత షికారు ఎక్కడిదంటారా? ట్రావెల్స్ ఆఫీసు ఆయన కొడుకు మా ఆయన కుట్టిన బూట్లు వేసుకుని, బుద్ధెరిగాక మొదటిసారి కుంటకుండా బడికి నడిచి వెళ్లాడు. ఆ సంతోషంలో తండ్రి లాడ్జిలో గదీ, రెండు రోజుల పార్కు టిక్కెట్లూ మా చేతిలో పెట్టాడు. మా ఆయన ఎందుకండీ అనబోతే నేను ఆయన కాలు తొక్కాను.

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. గుండ్రంగా, గట్టిగా ఉంటుంది, ఒకచోట నిలవదు. అందుకని ఇంట్లో బొంగరం అంటాం. ఈడు పిల్లలకన్నా కాస్త పొట్టి. ఆ సంగతి ఆ పార్కుకు వెళ్లేదాకా దానికీ తెలీదు, మేమూ పట్టించుకోలేదు.

మొదటిరోజు పార్కులో ప్రతి పెద్ద ఆట దగ్గరా ఒక చెక్కబొమ్మ చెయ్యి చాపి నిలబడి ఉంది. ఆ చెయ్యి పిల్లల తలకు తగిలితేనే లోపలికి పంపుతారు. బొంగరం తల దాని కింద నుంచి హాయిగా దూరిపోయింది. మొదటి చోట నవ్వేసింది. రెండో చోట జడ విప్పి నడినెత్తిన ముడి వేయించుకుంది. మూడో చోట మునివేళ్ల మీద లేస్తే, కాపలా మనిషి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి దించాడు. ఆ తర్వాత పసిపిల్లల రంగులరాట్నం ఎక్కించాం. బొంగరం గుర్రం మీద కూర్చుని ఎటూ చూడకుండా నాలుగు చుట్లు తిరిగి దిగింది.

తిరిగి వస్తూ బస్సులో వాళ్ల నాన్నను అడిగింది. "నాన్నా, నీ దగ్గరికి వచ్చేవాళ్లకి ఒక కాలే పొట్టి కదా. నాకు రెండూ పొట్టేనా?"

మా ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.  నేనే, రేపు పార్కు మొహం చూడొద్దు, బయటే ఆడుకుందాం అని మాట మార్చేశాను.

బయట ఆటలకేం కొదవ లేదు. లాడ్జి వెనకాల పెద్ద చెరువు, చెరువులో తొక్కుడు పడవలు, ఒడ్డున పచ్చగడ్డి, గడ్డి మధ్యలో గుంటల్లోకి బంతి కొట్టే బుల్లి గోల్ఫు. పార్కులో కాళ్లు పీకేలా తిరిగినవాళ్లందరూ మర్నాడు అక్కడికి చేరి ఊపిరి పీల్చుకునేవారు. మా పక్క గదిలో దిగినవాళ్లూ అక్కడే కలిశారు. ఆయనకు లారీల వ్యాపారం, మామూలుగా మాట్లాడినా లారీ హారను మోగినట్టే. ఆవిడ దానికి పూర్తిగా వ్యతిరేకం, నెమ్మది. వాళ్ల పిల్లదీ బొంగరం ఎత్తే. ఒంట్లో మాత్రం చారెడు కండ లేదు, అందుకని వాళ్లు దాన్ని అగ్గిపుల్ల అని పిలిచేవారు. బొంగరమూ అగ్గిపుల్లా కలిసిన గంటకల్లా పుట్టినప్పటి నుంచి ఒక కంచంలో తిన్నవాళ్లలా అయిపోయారు. లారీల ఆయన మా ఆయన్ను అన్నయ్యా అనీ నన్ను వదినా అనీ వరస కలిపేసుకున్నాడు.

మా ఆయన బుల్లి గోల్ఫు ఆడడం చూసి తీరాలి. బంతి కొట్టేముందు గడ్డి మీద బోర్లా పడుకుని నేల వాలు చూసేవాడు. గుంటదాకా జానలతో కొలిచేవాడు. వెనక వరసలో జనం విసుక్కుంటున్నా చలించేవాడు కాదు. అంతా కొలిచి కొడితే బంతి వెళ్లి సరిగ్గా గుంటలోనే పడేది. లారీల ఆయన మాత్రం చూడకుండా బాదితే బంతి చెరువులో పడేది. ఆ పొద్దున నవ్వినంతగా నేను ఆ ఏడాదంతా నవ్వి ఉండను.

నవ్వులన్నీ జిప్‌లైన్ దగ్గర ఆగిపోయాయి. చెరువుకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎత్తున ఇనుప తాడు కట్టారు. నడుముకూ తొడలకూ బెల్టులు బిగించి తాడుకు తగిలిస్తే నీళ్ల మీదుగా రివ్వున జారుకుంటూ వెళ్లొచ్చు. అది పార్కువాళ్లది కాదు, ఎవరో విడిగా నడుపుతున్నారు. అక్కడా ఒక గీత ఉంది. గీతలు గీసిన కర్ర పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి, మొహం ఎండకు కమిలిపోయింది, మాట మాత్రం చల్లన. పిల్లలు ఆవిణ్ణి కొలతత్త అనేవారు. కొలతత్త మా ఇద్దరు పిల్లల్నీ కర్రకు ఆనించి నిలబెట్టి, ఇద్దరికీ తల అడ్డంగా ఊపింది.

"ఇది ఎత్తు కోసం కాదు తల్లీ, బెల్టు కోసం. ఈ గీతకన్నా కింద ఉన్న పిల్లల ఒంటికి ఆ బెల్టు పూర్తిగా బిగియదు. కాస్త పెరిగి రండి, నేనెక్కడికీ పోను."

ఎంత తక్కువ అని మా ఆయన అడిగాడు. ఆవిడ గీతకూ బొంగరం నడినెత్తికీ మధ్య వేళ్లు పెట్టి చూపించింది. రెండు వేళ్లు. మా ఆయన ఆ రెండు వేళ్లకేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. బొంగరం ఏడవలేదు, అలగలేదు. అగ్గిపుల్ల చెయ్యి పట్టుకుని పడవలకేసి నడిచింది. దానికన్నా ఏడ్చి ఉంటేనే బాగుండేది.

మధ్యాహ్నం అందరం ఈతకొలనుకు బయలుదేరితే మా ఆయన తలనొప్పిగా ఉంది, గదిలో పడుకుంటానన్నాడు. నొప్పి తలలో కాదు, పనిలేక చేతుల్లో వచ్చి ఉంటుందని వేళాకోళమాడాను. నా నోటిమాటే నిజమవుతుందని నాకేం తెలుసు? షికారుకు వచ్చినా ఆయన తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె, కత్తి, దారపుండ ఉన్న తోలుసంచీ వెంట తెచ్చుకున్నాడు. అవి లేకుండా గడప దాటే మనిషి కాదు. నేను మెట్లు దిగుతుంటే ఆయన లాడ్జి కింద దుకాణంలో రబ్బరు చెప్పులు బేరం చేస్తున్నాడు. గదిలో వేసుకోవడానికి కాబోలు అనుకున్నాను.

మూడోరోజుకు పార్కు రెండో టిక్కెట్టు ఉంది. గిర్రున తిరిగేవి చూస్తేనే నాకు కడుపులో తిప్పుతుంది, మీరిద్దరూ వెళ్లి రండని పంపేశాను. లారీల ఆయన అగ్గిపుల్లను ఈతకొలనుకు తీసుకెళ్లాడు. వాళ్ల అమ్మా నేనూ పిల్లల పోరూ మగవాళ్ల పోరూ లేకుండా పడవ తొక్కుకుంటూ చెరువంతా తిరిగాం. ఇద్దరం ఒకే వైపు తొక్కలేక పడవ ఉన్నచోటే తిరుగుతుంటే ఆవిడ పగలబడి నవ్వింది. ఆవిడ నవ్వగా చూడడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

సాయంత్రం తండ్రీకూతుళ్లు తిరిగొచ్చారు. బొంగరం మొహం వెలిగిపోతోంది. మొన్న ఎక్కనివ్వని మూడూ ఎక్కిందట, ఒకటైతే రెండుసార్లట. ఎలా ఎక్కనిచ్చారే అని అడిగితే, పెరిగానమ్మా అని కిసుక్కున నవ్వింది. మా ఆయన నా వైపు చూడకుండా మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. ఇద్దరూ కలిసి ఏదో గూడుపుఠాణీ నడిపారని నాకు అర్థమైంది. పోనీలే, పిల్ల సంబరపడింది కదా అనుకున్నాను.

ఇక్కడ నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. బొంగరం బూట్ల పైభాగం కుట్టింది నేను. మొన్నటిదాకా ఆ అంచు దాని చీలమండను పూర్తిగా మూసేది. ఆ సాయంత్రం చీలమండ ఎముక అంచుకు పైన కనిపిస్తోంది. పాదం లోపల పైకి లేస్తే తప్ప అలా కనిపించదు. పదకొండేళ్లుగా ఎత్తు బూట్లు కుడుతున్నదానికి అది తెలియదా? ఎదిగే పిల్ల, బూటు చిన్నదవుతోంది అని సరిపెట్టుకున్నాను. సెలవుల్లో తగాదా ఎందుకని అడగలేదు.

నాలుగోరోజు రెండు కుటుంబాలమూ పొద్దున్నే చెరువు గట్టు చేరాం. రెండు పడవల్లో పందెం వేసుకున్నాం. బంతులాట అయింది. పండ్లు కోసుకుని గడ్డి మీద పెట్టుకుని తిన్నాం. తర్వాత బొంగరం జిప్‌లైన్ ఎక్కుతానంది. కర్ర దగ్గర నిలబడితే తల గీతకు తగిలింది. రెండ్రోజుల్లో ఇంత ఎదిగావా, మీ అమ్మ ఏం పెడుతోందే అని కొలతత్త నవ్వింది. బెల్టులు బిగించింది. బొంగరం నీళ్ల మీదుగా కేరింతలు కొడుతూ పోతుంటే కింద నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను. మా ఆయన నా పక్కనే ఉన్నాడు. ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

పిల్లలు ఇంకా ఆడతామంటే లారీల ఆయన తను చూసుకుంటానని అక్కడే ఉన్నాడు. మేం ముగ్గురం నీడలో నడుం వాల్చాం. నాకు కునుకు పట్టింది. మెలకువ రావడం అరుపు విని కాదు. చెరువు మీద అప్పటిదాకా వినిపిస్తున్న అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి, దాంతో మెలకువ వచ్చింది.

అవతలి గట్టు రాళ్ల మీద అగ్గిపుల్ల పడి ఉంది. పైన తాడుకు ఖాళీ బెల్టులు ఊగుతున్నాయి. కొలతత్త అప్పటికే రాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని పిల్ల తలను కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. లారీల ఆయన పిల్లలకు తాగడానికేదో తెస్తానని దుకాణానికి వెళ్లాడట, ఆ సీసాలు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.  పిల్ల తొడ ఉండకూడని తీరులో వంగి ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. ఒక కాలికి బూటు ఉంది. ఆ బూటు మా బొంగరానిది.

అంబులెన్సు వాళ్ల ముగ్గుర్నీ తీసుకెళ్లిపోయింది. బొంగరాన్ని గదికి తెచ్చాను. అగ్గిపుల్ల చెప్పులు దాని కాళ్లకున్నాయి. అవి విప్పి బురద కడిగి, బూట్లు ఎందుకిచ్చావే అని అడిగాను.

"దానికీ ఎక్కాలని ఉంది కదమ్మా" అంది.

బూట్లు మార్చుకుంటే ఎత్తెలా వస్తుంది? ఆ ప్రశ్న నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. గోడవైపు తిరిగి నిలబడ్డ మా ఆయన వైపు చూశాను. లోపల ఏం పెట్టారు అన్నాను. 

"రెండు వేళ్లే పెట్టాను" అన్నాడు.

 బెల్టు బిగియదని ఆవిడ ఎదురుగా నిలబడి చెప్పింది కదా, మీరూ విన్నారు కదా అని అడిగాను. మన పిల్ల గట్టిది, బెల్టు సరిపోతుందని చూసుకున్నానన్నాడు. పోయి కొట్టాలనిపించింది. ఆయనే మళ్లీ, పద, వెళ్లి చెప్పేద్దాం, ఆ కొలతత్త మీదికి వస్తుంది అన్నాడు. ఆ మాటతో నాకు కొంచెం ఊపిరి తిరిగింది. తప్పు చేశాడు, కానీ మనిషి ఆ మనిషే అనుకున్నాను.

బొంగరాన్ని కూడా వెంటపెట్టుకుని వెళ్లాం. జిప్‌లైన్ ఆఫీసంటే రేకుల గది. గోడలకు బెల్టులు వేలాడుతున్నాయి. బల్ల వెనక మేనేజరు, గోడవార కొలతత్త. లారీల ఆయన ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద మరకలున్నాయి. పిల్లకు ఇంకా తెలివి రాలేదట. ఆయన గొంతులో ఆ హోరు లేదు, నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. అది వింటే ఇంకా భయమేసింది. మా ఇంటి తలుపు మీద పెన్సిలు గీత ఉంది, మా అమ్మాయి ఎత్తెంతో నాకు తెలుసు, మీవాళ్లు కొలవకుండా ఎక్కించారు అంటున్నాడు. మేనేజరు కొలతత్తకేసి వేలు చూపించి, తప్పంతా ఈవిడది, రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు, పోలీసులకూ అదే చెబుతాను అంటున్నాడు. కొలతత్త ఒక్కటే మాట అంటోంది. నేను కొలిచాను, తల గీతకు తగిలింది.

బల్ల మీద బురద పట్టిన బూటు ఉంది. రెండోది, రాళ్ల మధ్య దొరికింది. పిల్లల చెప్పులూ బూట్లూ వాళ్ల అమ్మ చూసుకుంటుంది, ఇది మాదో కాదో కూడా నాకు తెలీదు అన్నాడు లారీల ఆయన. అంతలో మమ్మల్ని చూశాడు. బూటు తీసి మా ఆయన చేతిలో పెట్టాడు.

"అన్నయ్యా, నీ పని ఇదే కదా. నువ్వు చూసి చెప్పు. దీంట్లో ఏదైనా తిరకాసు ఉందా?"

మా ఆయన బూటును వెలుతురుకు తిప్పాడు. బొటనవేలితో అంచు చుట్టూ తడిమాడు. మడమ దగ్గర నొక్కి చూశాడు. ఇక చెబుతాడు అనుకుని నేను బొంగరం చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"తేడా ఏమీ లేదు" అన్నాడు.

నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను. మేనేజరు, ఇంకేం, విన్నారుగా అన్నట్టు కొలతత్త వైపు తిరిగాడు. ఆవిడ చేతిలో కర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"అది నాది కదా నాన్నా" అంది బొంగరం.

"నీది కాదమ్మా. నీవి గదిలో ఉన్నాయి."

బొంగరం వాళ్ల నాన్న మొహంలోకి చూసింది. తర్వాత బూటును చూసింది. తర్వాత తన ఉత్తి కాళ్లను చూసుకుంది. "అవును. నావి గదిలో ఉన్నాయి" అంది.

అంతవరకూ నా నోరు ఎందుకు పెగల్లేదో ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఆయన అబద్ధమాడినప్పుడు కూడా నేను కొయ్యబారి నిలబడ్డాను. మొగుణ్ణి నలుగురిలో ఎలా పట్టివ్వను అన్న మాట నా బుర్రలో తిరిగింది, అది కూడా నిజమే. కానీ ఎనిమిదేళ్ల పిల్ల మా కళ్లెదుటే అబద్ధం నేర్చుకుంది. మేం నేర్పితే నేర్చుకుంది. ఆ క్షణంలో నాకు ఆయన కొత్తవాడిలా కనిపించాడు. పదకొండేళ్లు ఎవరి పక్కన కూర్చుని కుట్టానో అనిపించింది.

ఆయన చేతిలోంచి బూటు లాక్కున్నాను. లోపలి అట్ట గోటితో లేపి పీకేశాను. దాని కింద ఒకదాని మీద ఒకటి పేర్చి అంటించిన ఆకుపచ్చ రబ్బరు చెప్పుల ముక్కలు. నాలుగూ ఊడదీసి బల్ల మీద పెట్టాను.

"ఈ పైకుట్టు నాది. ఈ ముక్కలు కోసి పెట్టింది మా ఆయన. మా పిల్ల కోసం పెట్టాడు. ఆవిడ సరిగ్గానే కొలిచింది. మా అమ్మాయి ఇప్పుడు చెప్పింది నిజం కాదు, దాని చేత మేమే చెప్పించాం."

లారీల ఆయన మీద పడి కొడతాడనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నొక్కి చూశాడు. నొక్కి చూసి, కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచి కూర్చున్నాడు.  మేనేజరు మొహం తేటపడింది, తప్పు తమ మీది నుంచి జారిపోయిందని ఆయనకు అర్థమైంది. అప్పుడు గోడవార నుంచి కొలతత్త మాట్లాడింది.

"నాకు తెలుసు" అంది.

అందరం ఆవిడకేసి తిరిగాం. "మొన్న గీతకు కింద ఉన్న పిల్ల ఇవాళ పైకి ఎలా వచ్చిందో నాకు తెలియదా? చీలమండ బూటు అంచు మీదికి లేచి ఉండడం కనబడింది. విప్పమంటే ఏడుస్తుందని అడగలేదు. అవే బూట్లేసుకుని ఆ పిల్ల వచ్చింది. వెనకాల జనం ఉన్నారు. అప్పుడూ అడగలేదు."

మేనేజరు ఆవిణ్ణి నోరు మూసుకోమన్నాడు. ఆవిడ మూసుకోలేదు, అదే మాట లారీల ఆయన ఎదుటికి వచ్చి నిలబడి మళ్లీ చెప్పింది. తర్వాత కర్ర గోడకు ఆనించి బయటికి వెళ్లిపోయింది. తన తప్పు లేదని నేను చెప్పిన సాక్ష్యాన్ని ఆవిడ అలా వెనక్కి ఇచ్చేసింది.  రూపాయి లాభం లేని నిజం ఒక మనిషి చెప్పడం నేను కళ్లారా చూసింది అప్పుడే. నా పక్కన మా ఆయన ఇంకా ఖాళీ చేతులు చాపుకుని నిలబడి ఉన్నాడు.

కాగితాలు రాయించుకున్నారు. జిప్‌లైన్ మూసేశారు. కొలతత్త ఉద్యోగం పోయింది. మేం ఊరు వెళ్లలేకపోయాం, అగ్గిపుల్ల కళ్లు తెరిచేదాకా వెళ్లబుద్ధి కాలేదు. పడ్డ మూడోరోజుకు తెరిచింది. తొడ ఎముక విరిగింది, మూడు నెలలు కట్టుతో పడుకోవాలి, నడుస్తుంది అని డాక్టర్లు చెప్పారు. నేను వరండాలో గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. వాళ్ల అమ్మ బయటికి వచ్చి, బొంగరం తల నిమిరి లోపలికి తీసుకెళ్లి చూపించింది. నాతో మాట్లాడలేదు. మీ ఆయన్ని మాత్రం లోపలికి రానివ్వకండి అని నర్సుతో చెప్పించింది.

ఆయన రానే లేదు. రోజూ పొద్దున వచ్చి ఆసుపత్రి గేటు బయట బెంచీ మీద కూర్చునేవాడు. మేం బయటికి వస్తే లేచి వెంట నడిచేవాడు. ఆ వారమంతా మా మధ్య అవసరానికి మించి మాట లేదు. ఒకరోజు మధ్యాహ్నం బొంగరం లోపల ఉండగా నేను వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుని అడిగాను. చెబుదామని తీసుకెళ్లింది మీరే కదా, మరి అక్కడికెళ్లాక అలా ఎందుకన్నారు? భయమేసిందా?

ఆయన అబద్ధం చెప్పడం ఇష్టం లేనివాడిలా ఒక్కొక్క మాటే వెతుక్కుని చెప్పాడు.

"భయం కాదు. చెబుదామనే వచ్చాను. బూటు చేతిలోకి తీసుకున్నాను. అంత ఎత్తు నుంచి పడ్డా, బురదలో నానినా, ఎక్కడా ఊడలేదు, పక్కకి జరగలేదు. పని బాగా కుదిరింది అనిపించింది. ఆ మాటే వచ్చేసింది."

"మరి ఆ పిల్ల?"

"ఆ పిల్ల తర్వాత గుర్తొచ్చింది."

"ఎంత తర్వాత?"

"నువ్వు అట్ట పీకాక."

 భయపడ్డాను అని ఉంటే క్షమించేసేదాన్ని. నేనూ భయపడ్డాను కదా. దీన్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఆ చేతి నైపుణ్యాన్ని నలుగురిలో పొగిడి పొగిడి పెంచింది కూడా నేనే. ఆయన తల వంచుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నేను ఓదార్చలేదు. లేచి రాలేదు. పక్కనే కూర్చున్నాను.

పదకొండోరోజు బయలుదేరాం. బొంగరం ఆ వారమంతా ఉత్తి కాళ్లతోనే తిరిగింది, చెప్పులు అడగలేదు, మాకూ ఆ ధ్యాస లేదు. బస్టాండులో నేల కాలుతుంటే ఒక కాలి మీద ఒక కాలు వేసుకుని నిలబడింది. మా ఆయన చూశాడు. సంచీ కింద పెట్టి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. పాదం కొలవడానికి అరచెయ్యి చాపాడు. ఇంటికెళ్లగానే కుట్టేస్తాను, ముందు కొలత ఇవ్వు అన్నాడు.

అది పుట్టాక వేసుకున్న ప్రతి జతా ఆయన కుట్టిందే. బజారులో కొన్న చెప్పులు దానికి ఎన్నడూ లేవు.

బొంగరం పాదం వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, పరాయివాళ్లకు చెప్పినంత మర్యాదగా చెప్పింది.

"వద్దు నాన్నా. అమ్మ కొంటుంది."

ఆయన అరచెయ్యి అలాగే చాపుకుని కూర్చున్నాడు. నేను పిల్లను తీసుకుని ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణంలోకి వెళ్లాను.